కోపియస్ అంటే ఎలాంటి ‘ఎక్కువ’? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

లేబుల్_అనువాదం

అందరికీ నమస్కారం. రసాయనాల డబ్బాల మీద అతికించే భద్రతా సూచనల్ని తెలుగులో రాసే పనిలో ఉన్నాను. ఒక వాక్యం దగ్గర పని ఆగిపోయింది. కంట్లో పడితే ఏం చేయాలో చెబుతూ ‘ఫ్లష్ విత్ కోపియస్ అమౌంట్స్ ఆఫ్ వాటర్’ అని ఉంది. నిఘంటువులు తిరగేస్తే కోపియస్‌కి పుష్కలమైన, సమృద్ధమైన, విస్తారమైన అని కనిపిస్తోంది. ‘పుష్కలమైన నీటితో కడగండి’ అని రాస్తే వ్యాకరణపరంగా పేచీ లేదు, కానీ కన్ను మండిపోతున్న మనిషికి, పక్కన కంగారు పడుతున్నవాళ్లకి ఆ వాక్యం ఏం చెబుతుంది? బకెట్ నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించమని అనుకుంటే? అసలు ఈ మాట ఏ రకం ‘ఎక్కువ’ని చెబుతుంది, అబండెంట్, ప్లెంటిఫుల్, యాంపుల్, ప్రొఫ్యూజ్ వీటితో తేడా ఏంటి, వాడుక తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పదశోధిని

నిఘంటువులో ఇవన్నీ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి వేసేయొచ్చు అనిపిస్తుంది. వాడుకలో అలా కుదరదండీ. కోపియస్ పక్కన ఇంగ్లీషువాళ్లు ఏ నామవాచకాలు పెడతారో చూడండి: నోట్స్, కన్నీళ్లు, చెమట, కఫం, ఉత్తరాలు, ఫుట్‌నోట్లు, ఉదాహరణలు, నీళ్లు. అన్నీ కారేవో, ఊరేవో, రాసేవో, పోసేవో. ఒకచోటి నుంచి బయటికి వస్తున్నవి, లేదా ఎవరో ధారాళంగా వాడుతున్నవి. ఊరికే ఒకచోట ఉన్నవాటికి ఈ మాట అంత బాగా అతకదు. అడవిలో చెట్లు, సముద్రంలో చేపలు చాలా ఉన్నాయంటే అబండెంట్ అంటారు. ‘కోపియస్ ట్రీస్’ అంటే ఎవరికైనా చెవికి గుచ్చుకుంటుంది.

యాంపుల్ సంగతి వేరు. మన అవసరమే దానికి కొలత. కావాల్సినంత ఉండి ఇంకా కాస్త మిగులుతుంది అన్న భరోసా అందులో ఉంది, అందుకే ‘యాంపుల్ టైమ్’ అంటారు గానీ ‘కోపియస్ టైమ్’ మామూలుగా అనరు. ప్లెంటిఫుల్ దాదాపు అబండెంట్ లాంటిదే, దొరకడం గురించి చెప్పే మాట. కోపియస్‌కి అవసరంతో పని లేదు, సరిపోయిందా మిగిలిందా అని అది చెప్పదు, వచ్చిన పరిమాణం పెద్దది అని మాత్రమే చెబుతుంది.

ల్యాబ్‌కోటు

లేబుల్ గురించి నేను చెబుతాను, ఎందుకంటే అక్కడ మాట తేడా వస్తే మనిషికి ప్రమాదం. ఆ సూచనలో ‘కోపియస్’ ఊరికే అలంకారానికి పెట్టింది కాదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం లాంటివి నీళ్లు తగిలితే వేడి పుట్టిస్తాయి. కొద్దిపాటి నీళ్లు పోస్తే ఆ వేడి అక్కడే నిలబడి గాయం పెంచుతుంది. ఎక్కువ నీళ్లు ఆగకుండా పారుతుంటే ఆమ్లం పలచబడుతుంది, పుట్టిన వేడిని కూడా ఆ నీళ్లే మోసుకుపోతాయి. క్షారాలు ఇంకా మొండివి, కణజాలంలోకి దిగిపోతూనే ఉంటాయి, అందుకే కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగమంటారు. క్షారం అయితే ఇంకా ఎక్కువసేపు పట్టొచ్చు. రెప్పలు తెరిచి పట్టుకుని, కాంటాక్ట్ లెన్సులు సులభంగా వస్తే తీసేసి, కడుగుతూనే ఉండాలి.

కాబట్టి మీరు అడిగిన బకెట్ భయం న్యాయమైనదే. ఇక్కడ కోపియస్ అంటే పరిమాణమూ సమయమూ రెండూ. ‘పుష్కలమైన’ అనే విశేషణం పక్కన పెట్టి, క్రియతో చెప్పండి: ‘రెప్పలు తెరిచి ఉంచి, నీటిని ధారగా పోస్తూ, కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలి.’ మూలంలో నిమిషాల సంఖ్య వేరేగా ఉంటే అదే రాయండి, మీ అంతట మీరు మార్చొద్దు. సంఖ్యే లేకపోతే డబ్బాతో వచ్చే భద్రతా పత్రంలో చూడండి. ఇంకో సంగతి, చర్మం మీద పొడి సున్నం లాంటిది పడినప్పుడు ముందు దులిపేసి ఆ తర్వాతే నీళ్లు పోయమంటారు. ఆ వరుస అనువాదంలో తారుమారు కాకూడదు.

లేబుల్_అనువాదం

ల్యాబ్‌కోటు గారూ, చాలా థ్యాంక్స్. ధారగా, ఆపకుండా అన్న రెండు మాటలతో నాకు కావాల్సింది దొరికింది. విశేషణాన్ని విశేషణంతోనే మార్చాలని పట్టుపట్టడం వల్లే వాక్యం బిగుసుకుపోయింది. ఆ వాక్యం అలాగే పెడుతున్నాను. కానీ చర్చ ఆపకండి, మిగతా మాటల గురించి కూడా తెలుసుకోవాలని ఉంది.

నైట్‌డ్యూటీ

ఆసుపత్రి రికార్డుల్లో ఈ మాట రోజూ రాస్తాం, అక్కడ దీనికి ఒక స్థానం ఉంది. గాయం నుంచి కారే రసిని రాసేటప్పుడు స్కాంట్, మోడరేట్, కోపియస్ అని మెట్లు ఉంటాయి. మధ్యలో ఇంకో మెట్టు ఉండటం, పేర్లు కొంచెం మారడం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది గానీ కోపియస్ మాత్రం పై మెట్టే. కట్టు పూర్తిగా తడిసిపోయి మార్చాల్సి వస్తోంది అన్న అర్థం తర్వాతి డ్యూటీవాళ్లకి ఆ ఒక్క మాటతో చేరుతుంది. ‘లాట్స్ ఆఫ్’ అని రాస్తే అది చేరదు, ఎందుకంటే అది నా అభిప్రాయం అవుతుంది, కోపియస్ అంటే అందరికీ తెలిసిన మెట్టు.

ఊపిరితిత్తుల జబ్బుల్లో కూడా, ముఖ్యంగా బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్ల గురించి ‘కోపియస్ స్ప్యూటమ్’ అని రాస్తారు, అంటే కఫం బాగా ఎక్కువగా పడుతోందని. చెమటకి వచ్చేసరికి డాక్టర్లు ఎక్కువగా ప్రొఫ్యూజ్ అంటారు. రక్తస్రావానికి మామూలుగా హెవీ, తీవ్రంగా ఉంటే ప్రొఫ్యూజ్. అర్థం దగ్గరదే అయినా ఏ మాట ఏ స్రావంతో జతపడిందో అలవాటుగా తెలియాల్సిందే, నియమం చెప్పి నేర్పగలిగింది కాదు.

పదశోధిని గారు చెప్పిన ‘కారేవి, ఊరేవి’ అన్న సూత్రం మా వాడుకకి సరిగ్గా సరిపోయింది.

శబ్దమూలం

ఆ సూత్రం వాడుకకి సరిపోతుంది కానీ మూలానికి సరిపోదు, అది చెప్పాలని వచ్చాను. కోపియస్ లాటిన్ ‘కోపియోసుస్’ నుంచి వచ్చింది. అందులో ‘కోపియా’ అంటే సంపద, నిల్వ, సమృద్ధి. చివరి ‘ఓసుస్’ అంటే నిండిన. కోపియాని ఇంకా విడదీస్తే ‘ఓప్స్’ వస్తుంది, అంటే సంపత్తి, శక్తి. రోమన్లకి ఓప్స్ పేరుతో సమృద్ధి దేవత కూడా ఉంది. ఇంగ్లీషులో ఓప్యులెంట్ ఆ కుదురు నుంచే. కార్నుకోపియా అంటే ‘సమృద్ధి కొమ్ము’, గ్రీకు కథలో దేవతల రాజు జ్యూస్‌కి పసితనంలో పాలిచ్చిన అమల్థియా మేక కొమ్ము అది. అంటే పుట్టుకలో ఈ మాట నిల్వ గురించే, ప్రవాహం గురించి కాదు.

నిజంగా ప్రవాహం ఉన్న మాట అబండెంట్! లాటిన్‌లో ‘ఉందా’ అంటే అల. అబుందారే అంటే అలలా పొంగి పొర్లడం. రిడండెంట్ కూడా ఆ అల నుంచే, అవసరానికి మించి పొర్లింది. ప్రొఫ్యూజ్‌లో ‘ఫుందెరే’ ఉంది, పోయడం అని. లావిష్ పాత ఫ్రెంచిలో కుండపోత వానని చెప్పే మాట నుంచి వచ్చిందంటారు. ఇంగ్లీషులో ‘ఎక్కువ’కి ఉన్న మాటల్లో ఇన్నిటికి నీళ్లే మూలం.

కాపీ అన్న మాట కూడా కోపియా బిడ్డే. మధ్యయుగపు లాటిన్‌లో ఒక పత్రాన్ని రాసుకునే వీలు ఇవ్వడం అన్న అర్థంలో కోపియా వాడి, అక్కడి నుంచి ఆ రాసుకున్న ప్రతికే ఆ పేరు వచ్చింది. కోపియస్ మాత్రం 14వ శతాబ్దం నుంచే ఇంగ్లీషులో ఉంది.

పదశోధిని

శబ్దమూలం గారూ, పుట్టుక అలా ఉందని ఒప్పుకుంటాను, అది వాడుకని మార్చదు. ఇవాళ రాసేవాళ్లు కోపియా తెలిసి రాయడం లేదు కదా, పక్కన ఏ మాట వింటూ పెరిగారో దాన్ని బట్టి రాస్తున్నారు. మీరు చెప్పిన ‘నిల్వ’ అర్థం ఇప్పటికీ ఒకచోట బతికే ఉంది: ‘ఏ కోపియస్ సప్లై’. ఏకవచనంలో వచ్చే ఇంకో రకం కూడా ఉంది, ‘ఏ కోపియస్ ఇండెక్స్’ అంటే చాలా ఇండెక్సులు అని కాదు, లోపల బోలెడు పదాలున్న ఒక్క ఇండెక్స్ అని. ఇది చాలామంది గమనించని వాడుక, పాత పుస్తకాల ప్రకటనల్లో బాగా కనిపిస్తుంది.

పాతపుస్తకాలు

అవును, ఆ ప్రకటనల్లో ‘ప్రొఫ్యూస్లీ ఇలస్ట్రేటెడ్’ కూడా అంతే ఎక్కువ. అయితే నా ఆసక్తి వేరేచోట. ఈ విశేషణానికి ఒకప్పుడు భాషతోనే గట్టి బంధం ఉండేది. 1755లో వచ్చిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్ తను పని మొదలుపెట్టినప్పుడు ఇంగ్లీషు ఎలా ఉందో చెబుతూ, మా భాష కోపియస్‌గా ఉంది, క్రమం మాత్రం లేదు అన్నాడు. పదసంపద దండిగా ఉందనీ అది ఒక పద్ధతిలో లేదనీ. అంతకుముందు 1512లో డచ్ పండితుడు ఎరాస్మస్ లాటిన్ విద్యార్థుల కోసం ‘కోపియా’ మీదే ఒక పాఠ్యపుస్తకం రాశాడు. ‘మీ ఉత్తరం నాకు చాలా సంతోషం ఇచ్చింది’ అన్న ఒక్క వాక్యాన్నే నూరుకు పైగా రకాలుగా మార్చి చూపించాడు అందులో. అప్పటి చదువుల్లో కోపియా అంటే చెప్పిందే రకరకాలుగా, నిండుగా చెప్పగల సామర్థ్యం. అది గుణం. ఇప్పుడు ఎవరినైనా ‘కోపియస్ రైటర్’ అంటే చాలా రాశాడు అన్న లెక్కే వినిపిస్తుంది, నిండుగా రాశాడు అన్న మెప్పు వినిపించదు. ఆ అర్థం జారిపోవడం నాకు బాధగానే ఉంది.

పరీక్ష_రాస్తున్నా

అన్నలూ అక్కలూ, నేను ఇంగ్లీషు పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాను, వ్యాసంలో ‘మెనీ’, ‘లాట్ ఆఫ్’ పదేపదే రాస్తే మార్కులు తగ్గుతాయని టెన్షన్. అందుకని ‘కోపియస్ పీపుల్’, ‘కోపియస్ ప్రాబ్లమ్స్’, ‘కోపియస్ మనీ’ అని ప్రాక్టీస్ చేస్తున్నాను. కరెక్టేనా? మిరియడ్ కూడా వాడొచ్చా? దాని తర్వాత ‘ఆఫ్’ పెట్టాలా వద్దా అని ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

పదశోధిని

మూడూ వద్దు తమ్ముడూ. మనుషులకి ‘న్యూమరస్’ లేదా మామూలు ‘మెనీ’ వాడు. కోపియస్ లెక్కపెట్టే తలల గురించి చెప్పదు, మొత్తంగా వచ్చిన రాశి గురించి చెబుతుంది. ‘కోపియస్ నోట్స్’లో బహువచనం ఉంది కదా అంటావేమో, అక్కడ కూడా ఎన్ని నోట్లు అని ఎవరూ లెక్కపెట్టరు, పేజీల కొద్దీ రాసుకున్నాడు అని అర్థం. ప్రాబ్లమ్స్‌కి కూడా న్యూమరస్ సరిపోతుంది. డబ్బుకి ‘లార్జ్ సమ్స్ ఆఫ్ మనీ’ అను.

మిరియడ్ గ్రీకులో పదివేలని చెప్పే మాట నుంచి వచ్చింది, తర్వాత లెక్కలేనన్ని అయింది. ‘మిరియడ్ వేస్’, ‘ఏ మిరియడ్ ఆఫ్ వేస్’ రెండూ ఒప్పే. రెండోది తప్పని చాలామంది దిద్దుతారు కానీ ఇంగ్లీషులో మిరియడ్ నామవాచకంగానే ముందు వచ్చింది, విశేషణం ఆ తర్వాతే. కోపియస్ మాత్రం ఎప్పుడూ విశేషణమే, ‘ఏ కోపియస్ ఆఫ్’ అనేది లేదు.

వ్యాకరణం_ముఖ్యం

‘కోపియస్ అమౌంట్స్ ఆఫ్’ గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అది చెప్పిందే చెప్పడంలా ఉంటుంది. కోపియస్‌లోనే పరిమాణం ఉంది, మళ్లీ అమౌంట్స్ ఎందుకు? ‘కోపియస్ వాటర్’ అంటే చాలదా? శైలి గురించి పట్టింపు ఉన్నవాళ్లు దాన్ని కొట్టేయాలనే అంటాను.

ఎడిటింగ్_డెస్క్

కొట్టేయకండి. ‘కోపియస్ వాటర్’ వ్యాకరణానికి తప్పు కాకపోయినా ఇంగ్లీషు చెవికి తడబాటుగా ఉంటుంది. నీళ్లు, సిరా, గ్రీజు లాంటి పదార్థాల పేర్లతో ఈ విశేషణం నేరుగా కలవడానికి కొంచెం మొరాయిస్తుంది, మధ్యలో అమౌంట్స్ గానీ క్వాంటిటీస్ గానీ ఉంటే సాఫీగా కలుస్తుంది. కన్నీళ్లు, కఫం, నోట్స్ లాంటివాటికి ఆ మధ్యవర్తి అవసరం లేదు, ఎందుకంటే అవి అప్పటికే ఒకరి నుంచి వచ్చినవి, పరిమాణం అన్న ఊహ వాటితోనే వస్తుంది. ఇది పదశోధిని గారి సూత్రానికి ఇంకో సాక్ష్యం అనుకుంటున్నాను.

నా అసలు అభ్యంతరం వేరు. చాలామంది వాక్యానికి బరువు రావాలని ఈ మాట పెడతారు. ‘లాట్ ఆఫ్’ సరిపోయే చోట కోపియస్ పెడితే చదివేవాళ్లు మాట దగ్గర ఆగుతారు, విషయం దగ్గర కాదు. నైట్‌డ్యూటీ గారి రికార్డులో ఆ మాటకి పని ఉంది, లేబుల్ మీద పని ఉంది. ఒక మామూలు ఉత్తరంలో ‘నా దగ్గర కోపియస్ ఇన్ఫర్మేషన్ ఉంది’ అంటే దానికి పని లేదు. మాట పెద్దదని మార్కులు వేసే పరీక్షకుడు ఉంటాడని నేను నమ్మను, సరైన జత పడిందా అనే చూస్తారు.

నైట్‌డ్యూటీ

‘కోపియస్’లో నింద ఉండదు అన్నది కూడా గమనించాలి. ఎక్సెసివ్ అంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువ, అందులో తీర్పు ఉంది. కోపియస్ అంటే కనిపించింది చెప్పడమే. రికార్డులో ఈ రెండూ కలిపేస్తే తర్వాత చదివే డాక్టరు వేరేలా అర్థం చేసుకునే అవకాశం ఉంది.

లేబుల్_అనువాదం

తెలుగువైపు నుంచి నేనో ప్రయత్నం చేస్తాను, దిద్దండి. మనకి కూడా ఈ తేడాలు ఉన్నాయి, నిఘంటువులో ఒకే గీత మీద పెట్టడం వల్ల కనిపించడం లేదంతే. చెమట, కన్నీళ్లు, రక్తం దగ్గర ‘ధారాళంగా’ లేదా ‘ధారగా’. నోట్స్ దగ్గర ‘పేజీల కొద్దీ’. ఉదాహరణల దగ్గర ‘కోకొల్లలుగా’. అబండెంట్‌కి పుష్కలం, సమృద్ధి సరిపోతాయి. యాంపుల్‌కి ‘కావాల్సినంత’. అన్నిటికీ ఒకే తెలుగు మాట వెతకడం కన్నా ‘కొద్దీ’ అన్న మన ప్రత్యయం ఎంత పని చేస్తుందో చూడండి: బిందెల కొద్దీ, గంటల కొద్దీ, పేజీల కొద్దీ. కొలిచే పాత్రని ముందు పెట్టి ఎక్కువని చెప్పేస్తాం, విశేషణమే అక్కర్లేదు.

శబ్దమూలం

చాలా బాగా పట్టుకున్నారు. మన మాటల మూలాలు కూడా చూడదగ్గవే. ధారాళంలో ధార ఉంది, కాబట్టి అది నీళ్ల కుదురు మాటే. ‘ఇబ్బడిముబ్బడిగా’లో రెండింతలు మూడింతలు అన్న లెక్క ఉంది, అందుకే అంతకుముందుకన్నా పెరిగినదానికి అది బాగుంటుంది, మొదటి నుంచీ ఎక్కువగా ఉన్నదానికి కాదు. కొల్ల అంటే దోపిడీ అన్న అర్థం కూడా ఉంది, కొల్లగొట్టడంలో ఉన్నది అదే. గాయం రసి గురించి ‘కోకొల్లలుగా కారుతోంది’ అని ఎవరూ అనరు, విడివిడిగా లెక్కపెట్టగలిగి లెక్కకి అందనివాటికే అది. అంటే కోపియస్‌కి ఒక మూల ధారాళం, ఇంకో మూల కోకొల్లలు నిలబడతాయి, మధ్యలో ‘కొద్దీ’.

వ్యాకరణం_ముఖ్యం

అమౌంట్స్ విషయంలో ఎడిటింగ్_డెస్క్ గారి వాదన సగం ఒప్పుకుంటున్నాను. పదార్థాల పేర్లతో సరే. ‘కోపియస్ అమౌంట్స్ ఆఫ్ నోట్స్’ అని కూడా రాస్తున్నారు, అది మాత్రం కొట్టేయాల్సిందే. నోట్స్ లెక్కకి వచ్చే బహువచనం, అక్కడ అమౌంట్ పనికిరాదు, పైగా కోపియస్ నేరుగా అతుకుతోంది.

ఎడిటింగ్_డెస్క్

అది నేనూ కొట్టేస్తాను.

పరీక్ష_రాస్తున్నా

అందరి పోస్టులూ చదివి నాలుగు వాక్యాలు రాశాను, దిద్దుతారా? ‘ఆమె ఉపన్యాసం వింటూ కోపియస్ నోట్స్ రాసుకుంది.’ ‘ఆ ప్రాంతంలో కోపియస్ రెయిన్ పడుతోంది.’ ‘పరిగెత్తాక అతనికి కోపియస్లీ చెమట పట్టింది.’ ‘ఈ ఏడాది వర్షపాతం పోయిన ఏడాది కన్నా కోపియస్.’ ఇంగ్లీషులో రాసుకున్నవే, ఇక్కడ తెలుగులో పెట్టాను. పలకడం కూడా ఒకసారి చెప్పండి, మా క్లాసులో ‘కాపియస్’ అంటున్నారు.

పదశోధిని

మొదటిది చక్కగా ఉంది. రెండోదాంట్లో ఇప్పుడు పడుతున్న వాన జోరు చెప్పాలంటే ‘హెవీ రెయిన్’ రాయి. ఒక కాలమంతా కలిపి కురిసిన మొత్తం అయితే ‘కోపియస్ రెయిన్‌ఫాల్’ నడుస్తుంది, అబండెంట్ ఇంకా సహజంగా ఉంటుంది. జోరు వేరు, మొత్తం వేరు. మూడోది ‘హి వాజ్ స్వెటింగ్ కోపియస్లీ’ అని రాస్తే ఒప్పే, ఏడవడం, కారడం లాంటి క్రియలతో కూడా ఈ రూపం బాగా కలుస్తుంది. నాలుగోదాంట్లో పోలిక ఉంది కాబట్టి ‘మోర్ కోపియస్ దాన్’ కావాలి, కానీ నిజానికి అక్కడ ‘హయ్యర్’ అనే మాట చాలు, వర్షపాతం కొలిచే సంఖ్య కదా. పలికేటప్పుడు మొదటి అక్షరం ‘కో’, దీర్ఘం, ఊనిక దాని మీదే: కో-పి-యస్. కాపీకి బంధువే అయినా దానిలా పలకరు.